ఇంట్లో చేసిన బీరు రుచి తేడా కొడుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం మాల్ట్, చేదునిచ్చే హాప్స్ పూలు, పులియబెట్టే ఈస్ట్, నీళ్లు. సరుకులు నాలుగే. అయినా గ్లాసులోకి వచ్చేసరికి ఒకసారి వెన్న వాసన, ఇంకోసారి తడిసిన అట్ట రుచి, మరోసారి ఆసుపత్రి కంపు. ఇంట్లో బీరు చేసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. మీ బీరులో ఉన్న తేడా ఏమిటో ఇప్పటికే తెలిస్తే నేరుగా ఆ ప్రశ్నకు వెళ్లండి. తెలియకపోతే మాత్రం మొదటిది వదలకండి.

రుచి తేడాగా ఉందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. ఎక్కణ్నుంచి వెతకాలి?

చాలామంది ముందు పేరు కోసం వెతుకుతారు. వెన్న వాసన తెచ్చే డయాసిటిలా, మొక్కజొన్న వాసన తెచ్చే డీఎంఎస్సా, ఇన్ఫెక్షనా అని. పేరు తర్వాత చూసుకోవచ్చు. ఆ రుచి ఎప్పుడు వచ్చిందో తేల్చుకుంటే సగం పని అయిపోతుంది.

బాటిళ్లలో నింపిన రోజు బాగానే ఉండి, నెల తర్వాత పాడైందనుకోండి. మరిగించడంలోనో, మాల్ట్‌లోనో తప్పు వెతకడం దండగ. ఆక్సిజన్, వెలుతురు, సూక్ష్మజీవులు, చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకటి. వెన్న వాసన ఒక్కటి మాత్రం తొందరపడి నింపినా ఇలా తర్వాత రావచ్చు. నింపేనాటికే తేడా ఉంటే తప్పు అంతకుముందే జరిగింది. నాలుగైదు బాటిళ్లలోనే తేడా, మిగతావి బాగున్నాయంటే ఆ బాటిళ్లు సరిగా శుభ్రం కాలేదు. మీరు ఏ రకం బీరు చేసినా, ఏ ఈస్ట్ వాడినా ప్రతి బ్యాచ్‌లోనూ అదే రుచి వస్తోందంటే నీళ్లనో, ఎప్పుడూ వాడే ఏదో పరికరాన్నో అనుమానించాలి.

ఇలా తేల్చాలంటే మధ్యమధ్యలో రుచి చూసి ఉండాలి. చల్లార్చిన వోర్ట్ (ఈస్ట్ వేయని తియ్యటి మాల్ట్ రసం) ఒక గుక్క, గ్రావిటీ (ద్రవం సాంద్రత, చక్కెర ఎంత మిగిలిందో చెప్పేది) చూడటానికి తీసిన ప్రతి నమూనా, బాటిళ్లు నింపే రోజున ఒక చిన్న గ్లాసు. గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ గొట్టంలో పోసింది తిరిగి ఫెర్మెంటర్‌లో, అంటే పులియబెట్టే పాత్రలో, ఎలాగూ పోయకూడదు కాబట్టి అది తాగేయండి. పక్కనే నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకోండి: "తియ్యగా, కాస్త గంధకం వాసన" అన్నా చాలు.

ఇలాంటి బీరు తాగితే ఆరోగ్యానికి ప్రమాదమా?

రుచి బాగోకపోవడం వేరు, ప్రమాదం వేరు. పులిసిన బీరు పీహెచ్ మామూలుగా 4 నుంచి 4.6 మధ్య ఉంటుంది, ఆల్కహాల్ ఉంటుంది, హాప్స్ చేదు ఉంటుంది, ఆక్సిజన్ దాదాపు ఉండదు. రోగాలు తెచ్చే బ్యాక్టీరియా అందులో పెరగలేదు. పుల్లబడిన బీరు ముఖం చిట్లించేలా చేస్తుంది తప్ప ఆసుపత్రికి పంపదు. మిథనాల్ గురించి కూడా కొందరు టెన్షన్ పడతారు. ధాన్యంతో చేసే బీరులో అది లెక్కలోకి రానంత తక్కువ, పైగా ఇక్కడ సారాలా బట్టీ పెట్టి ఆవిరి పట్టే పనే లేదు.

పారబోయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పైన నూగు నూగుగా, రంగురంగులుగా బూజు కనిపిస్తే పారబోయండి. క్లీనింగ్ కెమికల్ కలిసిందని అనుమానం వస్తే రుచి కూడా చూడకండి. ఈస్ట్ వేయని వోర్ట్‌ను గాలి చొరకుండా మూసి రోజుల తరబడి బయట ఉంచితే అది పారేయాల్సిందే. దానికి ఆల్కహాల్ రక్షణ లేదు, బాట్యులిజం భయం ఉంది. ఆల్కహాల్ లేని బీరు చేసేవాళ్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఈస్ట్ వేసి వారం కూడా కాలేదు. రుచి చూస్తే ఘోరంగా ఉంది. పాడైపోయినట్టేనా?

ఇంకా పులుస్తున్న బీరును చూసి తీర్పు చెప్పకండి. గంధకం, పచ్చి ఆపిల్, వెన్న, ఈస్ట్ చేదు, అన్నీ ఆ దశలో మామూలే. ఈస్ట్ తాను విడిచిన వాటిలో చాలా భాగాన్ని చివర్లో తానే వెనక్కి తీసుకుంటుంది. బుడగలు ఆగాయి కదా అని ఆ రోజే వేరే పాత్రలోకి మార్చేసేవాళ్లు ఆ అవకాశాన్నే చెడగొట్టుకుంటున్నారు.

వెన్న వాసన, నాలుక మీద జారుడుగా ఉంది. ఏం చేయాలి?

డయాసిటిల్. ఇది ఎలా పుడుతుందో కొంచెం వివరంగా తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ఇది కళ్లుగప్పే దోషం.

ఈస్ట్ తనకు కావలసిన వేలిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసుకునేటప్పుడు ఆల్ఫా ఎసిటోలాక్టేట్ అనే పదార్థం కొంత బయటికి కారుతుంది. దానికి రుచీ లేదు, వాసనా లేదు. అదే బీరులో ఉండి ఉండి నెమ్మదిగా డయాసిటిల్‌గా మారుతుంది. ఈస్ట్ ఇంకా చురుగ్గా ఉంటే దాన్ని లోపలికి తీసుకుని వాసన లేని పదార్థంగా మార్చేస్తుంది. మీరు తొందరపడి చల్లబరిచి, ఈస్ట్‌ను అడుక్కి దింపి, బాటిళ్లు నింపేశారంటే మిగిలిన ఎసిటోలాక్టేట్ బాటిల్లో తీరిగ్గా డయాసిటిల్ అవుతుంది. నింపిన రోజు శుభ్రంగా ఉన్న బీరు మూడు వారాలకు వెన్న కొట్టడానికి ఇదే కారణం. తేలికపాటి లాగర్‌లో (చల్లగా పులియబెట్టే బీరులో) లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉన్నా చాలామంది పసిగడతారు.

నివారణ తేలికే. గ్రావిటీ చివరి అంకెకు ఇంకా 3 నుంచి 5 పాయింట్ల (ఒక పాయింటు అంటే 0.001) దూరంలో ఉన్నప్పుడు ఉష్ణోగ్రతను 18 నుంచి 20 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు వదిలేయండి. లాగర్‌కు ఇది తప్పనిసరి అనుకోండి. ఏల్ ఈస్ట్ ఎలాగూ ఆ వేడిలోనే పులుస్తుంది కాబట్టి అక్కడ కావలసింది ఓపికే.

చల్లబరిచే ముందు ఒక పరీక్ష చేయండి. రెండు చిన్న గాజు సీసాల్లో బీరు తీసుకోండి. ఒకదానికి వదులుగా మూత పెట్టి, 60 నుంచి 70 డిగ్రీల వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచండి. రెండోది అలాగే ఉండనివ్వండి. వేడిచేసినదాన్ని చల్లార్చి రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూడండి. రెండింట్లోనూ వెన్న లేదంటే పని అయిపోయింది, చల్లబరచవచ్చు. వేడి చేసినదాంట్లోనే ఉంటే ఎసిటోలాక్టేట్ ఇంకా మిగిలి ఉంది, ఈస్ట్‌కు రెండు రోజులు ఇవ్వండి. రెండింట్లోనూ ఉన్నా అదే మందు. ఖర్చు లేని ఈ పరీక్షను ఎందుకో ఇళ్లలో చాలా తక్కువమంది చేస్తారు.

ఇంకో రెండు దారుల్లోనూ వెన్న రావచ్చు. పులియడం అయిపోయాక హాప్స్ ఎక్కువగా వేస్తే, హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొట్టి ఈస్ట్‌ను మళ్లీ లేపుతాయి, దాంతో డయాసిటిల్ మళ్లీ మొదలవుతుంది. హాప్స్ వేశాక కూడా వెచ్చగా నాలుగు రోజులు ఆగి, పై పరీక్ష చేసి, ఆ తర్వాతే చల్లబరచండి. రెండో దారి పెడియోకోకస్ అనే బ్యాక్టీరియా. వెన్నతో పాటు పులుపు కూడా వచ్చి, వారం వారం పెరుగుతోందంటే అదే.

పచ్చి ఆపిల్ వాసన?

ఎసిటాల్డిహైడ్. చక్కెర ఆల్కహాల్‌గా మారే దారిలో ఆఖరి మజిలీ ఇది. కొందరికి ఆపిల్‌లా, కొందరికి గోడకు వేసే కొత్త రంగులా తోస్తుంది. ఈస్ట్ మీద ఇంకొంత కాలం వెచ్చగా ఉంచితే తగ్గిపోతుంది. ప్రతిసారీ వస్తోందంటే ఈస్ట్ చాలడం లేదు. 20 లీటర్ల మామూలు ఏల్‌కు 11 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్ ఒకటి సరిపోతుంది. లాగర్‌కు రెండు కావాలి. ఆపిల్‌తో పాటు వెనిగర్ ఘాటు కూడా తగిలితే మాత్రం గాలి చొరబడుతోందేమో చూడండి.

అరటిపండు వాసన, నెయిల్ పాలిష్ రిమూవర్ ఘాటు, తాగితే గొంతులో మంట. ఇవన్నీ ఒకటేనా?

కారణం చాలావరకు ఒకటే: వేడి. ఈస్ట్‌ను మరీ వెచ్చగా పులియనిస్తే పండ్ల వాసన తెచ్చే ఎస్టర్లు, ఘాటైన ఫ్యూజెల్ ఆల్కహాళ్లు ఎక్కువవుతాయి. అరటిపండు వాసన ఐసోఎమైల్ ఎసిటేట్‌ది. గోధుమ బీరులో అది కావాలనే తెచ్చుకుంటారు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లా కొట్టేది ఇథైల్ ఎసిటేట్. గొంతులో మంట, మర్నాడు తలనొప్పి అంటే ఫ్యూజెల్స్‌ను అనుమానించండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు గది ఉష్ణోగ్రతను చూసి తృప్తిపడటం. పులియడం జోరుగా ఉన్నప్పుడు ఈస్ట్ సొంతంగా వేడి పుట్టిస్తుంది. గదిలో 22 ఉంటే ఫెర్మెంటర్ లోపల 26 దాకా ఉండొచ్చు. మామూలు ఏల్ ఈస్ట్‌కు 18 నుంచి 20 మంచిది. థర్మామీటర్ సెన్సార్‌ను ఫెర్మెంటర్ గోడకు ఆనించి, పైన స్పాంజి ముక్క కప్పి, టేపుతో గట్టిగా అంటించండి. అప్పుడు అది గదిని చూపించదు, బీరును చూపిస్తుంది.

మొదటి మూడు రోజులే కీలకం. రుచిని తెచ్చే పదార్థాల్లో ఎక్కువ భాగం అప్పుడే పుడతాయి. వోర్ట్ 28 డిగ్రీలు ఉండగా ఈస్ట్ వేసి, రాత్రికి చల్లబడుతుందిలే అనుకుంటే పని జరగదు. చల్లార్చాకే వేయండి. ఫ్రిజ్, కంట్రోలర్ లేకపోతే ఫెర్మెంటర్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పొద్దునా సాయంత్రం మార్చండి. వాతావరణం ఎప్పుడూ వేడిగానే ఉంటే ఈస్ట్‌నే మార్చడం తెలివైన పని. నార్వే పల్లెటూళ్ల నుంచి వచ్చిన క్వైక్ రకాలు 30 డిగ్రీలు దాటినా శుభ్రంగా పులుస్తాయి. నా మట్టుకు నేను, కొత్త పరికరానికి డబ్బు పెట్టాలంటే మెరిసే స్టీల్ ఫెర్మెంటర్ కంటే ముందు ఉష్ణోగ్రత అదుపుకే పెట్టమంటాను.

ఒకసారి వచ్చిన ఫ్యూజెల్ మంటను తీసే మార్గం ఇంట్లో లేదు. నెలల తరబడి ఉంచితే కాస్త మెత్తబడుతుంది, అంతే.

లవంగం వాసన వస్తోంది. అది మందుల వాసనా, లవంగమా అన్నది కూడా సరిగా తెలియడం లేదు.

రెండూ ఫినాల్స్ అనే వాసన పదార్థాలే గానీ పుట్టిల్లు వేరు. లవంగం, మిరియం, పొగ లాంటి వాసన ఈస్ట్ నుంచి వస్తుంది. గోధుమ బీరు ఈస్ట్, చాలా బెల్జియన్ ఈస్ట్‌లు మాల్ట్‌లోని ఫెరులిక్ ఆమ్లాన్ని ఆ వాసనగా మారుస్తాయి. అది వాటి గుణం. అలాంటి ఈస్ట్ వాడకుండానే లవంగం వచ్చిందంటే ఏదో అడవి ఈస్ట్ దూరినట్టు. దానితో పాటు బీరు నీళ్లలా పలచబడి, బాటిళ్లలో గ్యాస్ పెరిగిపోతుంటే డయాస్టాటికస్ రకం కావచ్చు. మామూలు ఈస్ట్ ముట్టని పిండి పదార్థాన్ని కూడా అది తినేస్తుంది.

బ్యాండేజీ, డెట్టాల్, ఆసుపత్రి వరండా గుర్తొస్తున్నాయంటే క్లోరోఫినాల్. ఇది నీళ్ల తప్పు. కుళాయి నీళ్లలో కలిపిన క్లోరిన్ బీరులోని ఫినాల్స్‌తో కలిసి దీన్ని పుట్టిస్తుంది. శతకోటిలో కొన్ని వంతులు ఉన్నా ముక్కుకు తగులుతుంది. బ్లీచింగ్‌తో కడిగి సరిగా తొలవని ఫెర్మెంటర్ కూడా ఇదే పని చేస్తుంది.

క్లోరిన్ మరిగిస్తే పోతుంది, రాత్రంతా తెరిచి ఉంచినా చాలావరకు పోతుంది. కానీ చాలాచోట్ల నీటి సరఫరాలో క్లోరిన్ బదులు క్లోరమీన్ వాడతారు, అది అంత తేలిగ్గా వదలదు. పొటాషియం మెటాబైసల్ఫైట్ దీనికి సరైన మందు. కాంప్డెన్ మాత్రగా దొరికితే ఒకటి సుమారు 75 లీటర్ల నీళ్లకు చాలు. 20 లీటర్లకు పావు మాత్ర పొడి చేసి కలిపితే నిమిషాల్లో పని అయిపోతుంది. వోర్ట్‌కు వాడే నీళ్లన్నిటికీ కలపండి, చివర్లో పోసే నీళ్లను మర్చిపోకండి. ప్రతి బ్యాచ్‌లోనూ మందుల వాసన వచ్చేవాళ్లు వేరే ఏదీ మార్చకుండా ముందు ఇది ఒక్కటే చేసి చూడాలి. ఎందుకంటే ఈ వాసన ఒకసారి బీరులోకి చేరాక పోదు.

ఉడికించిన మొక్కజొన్న వాసన ఎందుకు?

డైమిథైల్ సల్ఫైడ్, వాడుకలో డీఎంఎస్. మాల్ట్‌లో ఉండే ఎస్ఎంఎం అనే పదార్థం వేడికి విడిపోయి ఇదవుతుంది. పిల్స్‌నర్ మాల్ట్‌ను తక్కువ వేడిలో ఆరబెడతారు కాబట్టి అందులో ఎస్ఎంఎం ఎక్కువ మిగులుతుంది. మరుగుతున్న వోర్ట్‌లో సుమారు 40 నిమిషాలకు సగం విడిపోతుంది. ఈ లెక్కన గంట మరిగించినా మూడో వంతు ఇంకా ఉంటుంది, గంటన్నరకు అయిదో వంతుకు దిగుతుంది. పిల్స్‌నర్ మాల్ట్ ఎక్కువగా వాడినప్పుడు గంటన్నర మరిగించమనేది అందుకే.

మూత పెట్టి మరిగించకండి. ఆవిరితో పోవాల్సింది మూతకు తగిలి మళ్లీ లోపలికే కారుతుంది. మంట ఆర్పాక త్వరగా చల్లార్చండి. వేడిగా ఉన్నంతసేపూ డీఎంఎస్ పుడుతూనే ఉంటుంది, ఆవిరి లేదు కాబట్టి పోయే దారి ఉండదు. మొక్కజొన్న వాసన ముదిరి క్యాబేజీ కుళ్లిన వాసనలా ఉంటే మాత్రం చల్లారిన వోర్ట్‌లో ఈస్ట్ కంటే ముందు బ్యాక్టీరియా పని మొదలుపెట్టిందని అర్థం.

కుళ్లిన గుడ్ల వాసన?

లాగర్ ఈస్ట్ అయితే పట్టించుకోకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ అది, కార్బన్ డయాక్సైడ్‌తో పాటు ఎగిరిపోతుంది. చల్లగా దాచిన నాలుగు వారాల్లో మిగతాది కూడా పోతుంది. పోకపోతే ఈస్ట్‌కు పోషకాలు తక్కువై ఉండొచ్చు, వచ్చే బ్యాచ్‌లో ఈస్ట్ న్యూట్రియంట్ వేయండి.

పుల్లగా అయింది, పైన తెల్లటి పొర కూడా కట్టింది. ఇన్ఫెక్షన్ అనేనా?

అవును. పొర లేకపోయినా, కావాలని పుల్లగా చేయని బీరు పుల్లబడిందంటే ఇన్ఫెక్షనే. పులుపు రకాన్ని బట్టి దోషి ఎవరో తెలుస్తుంది. నాలుకకు మెత్తగా తగిలే పులుపు లాక్టోబాసిల్లస్‌ది. ముక్కుకు గుచ్చే వెనిగర్ పులుపు అసిటోబాక్టర్‌ది, దానికి గాలి కావాలి. అంటే ఎక్కడో మూత సరిగా పట్టలేదు, లేదా ఫెర్మెంటర్‌ను మీరు అతిగా తెరుస్తున్నారు.

బాటిల్ మెడ దగ్గర, బీరు పైమట్టంలో చిన్న ఉంగరంలా తెల్లని గీత కడుతుంది. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే కనిపిస్తుంది. అది కనిపించిన బాటిళ్లను వేరుగా పెట్టి ముందు వాటిని తెరవండి.

అయితే ఇంకో మాట. పులిసే మొదటి రోజుల్లో పైకి వచ్చే గోధుమరంగు తెట్టును, మధ్యలో తేలే ఈస్ట్ ముద్దలను, పైన అంటుకున్న హాప్స్ ముక్కలను చూసి ఇన్ఫెక్షన్ అనుకుని బీరు పారబోసినవాళ్లు చాలామందే ఉంటారు. ఫొటో చూసి తేల్చేది కాదు ఇది. వాసన చూడండి, రుచి చూడండి, మూడు రోజుల తేడాతో గ్రావిటీ చూడండి.

ప్రతిసారీ శానిటైజర్ వాడుతున్నాను. అయినా ఇన్ఫెక్షన్ ఎలా వస్తోంది?

మురికి మీద శానిటైజర్ పనిచేయదు. ముందు కడగాలి, తర్వాత శానిటైజ్ చేయాలి. ఎండిపోయిన బీరు పొర కింద బ్యాక్టీరియా హాయిగా దాక్కుంటుంది.

ఎక్కువసార్లు దొరికే దొంగ ఫెర్మెంటర్ కుళాయి. బయట నుంచి తళతళలాడుతూనే ఉంటుంది. దాన్ని పీకి, తిప్పే భాగాన్ని బాడీ నుంచి వేరు చేసి చూడండి. రెండింటి మధ్య సందులో లేత గోధుమరంగు జిగురు వేలికి అంటుకుంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మీ బీరులో ఉన్న వాసనే అక్కడా ఉంటుంది. ప్రతి బ్యాచ్‌కూ దాన్ని విప్పి కడగాల్సిందే. రబ్బరు వాషర్లు, బీరు తోడే గొట్టాలు, బాటిళ్లు నింపే కర్ర చివరి స్ప్రింగ్ కూడా ఇదే జాబితాలోకి వస్తాయి. గొట్టం లోపల మసకగా కనిపిస్తే కడగకండి, మార్చేయండి. ప్లాస్టిక్ బకెట్‌ను స్టీల్ పీచుతో తోమి గీతలు పడేసి ఉంటే దాని పని అయిపోయింది.

నెల రోజులకు తడిసిన అట్టలా, పాత కాగితంలా అయిపోతోంది. తాజాగా ఎలా ఉంచాలి?

పులియడం పూర్తయ్యాక లోపలికి వెళ్లిన ఆక్సిజన్ పని ఇది. అట్ట రుచికి ట్రాన్స్ టూ నోనినాల్ అనే పదార్థాన్ని తప్పుబడతారు. శతకోటిలో 0.1 వంతు ఉన్నా రుచి తెలుస్తుంది. అన్ని బీర్లూ అట్టలాగే మారవు. మాల్ట్ బరువున్న వాటిలో తేనె, ఎండు ద్రాక్ష రుచి వస్తుంది. హాప్స్ దండిగా వేసిన, మసకగా ఉండే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) బీర్లైతే రెండు వారాల్లోనే వాసన పోగొట్టుకుని, బంగారు రంగు కాస్తా బురద రంగుకు తిరుగుతాయి.

ఈస్ట్ వేసే ముందు వోర్ట్‌కు ఆక్సిజన్ కావాలి. లీటరుకు 8 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటే మంచిది. పులియడం మొదలయ్యాక మాత్రం గాలి తగలనివ్వకూడదు. బీరు గలగలమని పడుతూ పాత్ర మారకూడదు. గొట్టం చివర అడుగుకు ఆనాలి. అసలు మార్చాల్సిన అవసరమే చాలాసార్లు ఉండదు. మూడు నాలుగు వారాలు అదే ఫెర్మెంటర్‌లో, ఈస్ట్ మీదే ఉండనిస్తే నష్టం లేదు.

చాలామంది గమనించనిది చల్లబరిచే దశ. ఫెర్మెంటర్‌ను 20 నుంచి 2 డిగ్రీలకు దించినప్పుడు లోపలి గ్యాస్ కుంచించుకుపోయి ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి పోవడానికి మూతకు బిగించే నీళ్ల గొట్టం) గుండా బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఎయిర్‌లాక్‌లో నీళ్లు వెనక్కి, బీరువైపు బుడగలుగా కదలడం కళ్లారా చూడొచ్చు. చల్లబరిచే ముందు కార్బన్ డయాక్సైడ్ నింపిన బెలూనో, సంచో ఎయిర్‌లాక్ స్థానంలో బిగిస్తే లోపలికి వెళ్లేది గాలి కాదు, ఆ గ్యాసే.

బాటిళ్లను అడుగు నుంచి నింపండి, పైన ఖాళీ తక్కువ వదలండి, నురగ పైకి వచ్చాక దాని మీదే మూత బిగించండి. బాటిళ్ల బదులు కెగ్ (స్టీల్ పీపా) అయితే శానిటైజర్‌తో నిండా నింపి, కార్బన్ డయాక్సైడ్‌తో దాన్ని బయటికి తోసేయండి. ఇక నిల్వ: పది డిగ్రీలు పెరిగితే పాతబడే వేగం రెండు మూడు రెట్లవుతుంది. గ్యాస్ పట్టేదాకా వెచ్చగా, ఆ తర్వాత ఫ్రిజ్‌లో.

స్కంక్ (దుర్వాసన చిమ్మే అమెరికా జంతువు) వాసన, కాలిన రబ్బరు లాంటి కంపు వచ్చింది. ఫెర్మెంటేషన్ బాగానే అయింది మరి.

ఎండ తగిలింది. హాప్స్ చేదును ఇచ్చే పదార్థాలు వెలుతురుకు, బీరులోని రైబోఫ్లేవిన్ తోడుగా విరిగి, గంధకం ఉన్న థయాల్‌గా మారతాయి. లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు, ముక్కు పట్టేస్తుంది. నేరుగా ఎండలో నిమిషాలే పడుతుంది. గోధుమరంగు సీసా బాగా కాపాడుతుంది. ఆకుపచ్చది, తెల్లది కాపాడవు. గాజు ఫెర్మెంటర్ వాడేవాళ్లు దాని మీద నల్లటి గుడ్డ కప్పాలి. పాడయ్యాక చేసేదేమీ లేదు.

నోరంతా వగరుగా, నాలుక ముడుచుకుపోతోంది. హాప్స్ ఎక్కువయ్యాయా?

చేదు నాలుకకు తగిలి ఆగుతుంది, వగరు చిగుళ్లను ఆరబెడుతుంది. ఎక్కువసేపు మరిగిన టీ తాగినట్టు ఉంటే అది మాల్ట్ పొట్టు నుంచి దిగిన టానిన్. పొట్టును 77 డిగ్రీలు దాటిన నీళ్లతో కడగడం, లేదా పీహెచ్ 5.8 దాటడం దీనికి కారణాలు. నీళ్లలో క్షారం ఎక్కువున్నచోట లేత రంగు బీర్లకే ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే నల్ల మాల్ట్‌కు ఉన్న ఆమ్లత్వం వాటికి లేదు. మ్యాష్ (వేడి నీళ్లలో నానుతున్న మాల్ట్) పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండేలా లాక్టిక్ ఆమ్లంతో సర్దండి. మాల్ట్‌ను మరీ పిండిలా ఆడించకండి. ధాన్యం సంచిని పిండితే వగరు వస్తుందనే భయం మాత్రం ఎక్కువగా చెప్పుకునేదే. వేడి, పీహెచ్ అదుపులో ఉంటే పిండుకోవచ్చు.

గింజలు లేకుండా ఎక్స్‌ట్రాక్ట్‌తో (తయారుగా దొరికే చిక్కటి లేదా పొడి మాల్ట్ సారంతో) చేసినా వగరు వచ్చి, హాప్స్ బాగా వేసిన బీరైతే అది హాప్స్ ఆకు గరుకుదనం. చల్లగా వారం పది రోజులు ఉంచితే అడుక్కి దిగుతుంది.

తుప్పు రుచి, రక్తం రుచి?

ఇనుము. ఒక చుక్క బీరు చేతి వెనక రాసి రుద్ది వాసన చూడండి. ఇనుము ఉంటే చర్మంలోని కొవ్వుతో కలిసి నాణేల వాసన వెంటనే పైకి వస్తుంది. బోరు నీళ్లు, పెచ్చులూడిన ఎనామిల్ పాత్ర, కొత్తగా వెల్డింగ్ చేసిన చోటు, ఇవి చూసుకోండి.

జున్ను, చెమట పట్టిన సాక్సుల వాసన? సోయా సాస్ వాసన?

మొదటిది వేడిలో నిల్వ ఉన్న పాత హాప్స్ నుంచి వచ్చే ఐసోవలెరిక్ ఆమ్లం. హాప్స్‌ను గాలి తీసిన ప్యాకెట్‌లో, డీప్ ఫ్రీజర్‌లో దాచండి. రెండోది చచ్చిన ఈస్ట్ చిట్లిపోవడం. నెలల తరబడి వెచ్చగా ఈస్ట్ మీద ఉంచితే వస్తుంది. పాతబడిన ద్రవ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కూడా కాస్త ఇలాగే, సిరా కలిసినట్టు ఉంటుంది. ఎక్స్‌ట్రాక్ట్ డబ్బా మీద తేదీ చూడండి, లేదా పొడి ఎక్స్‌ట్రాక్ట్ వాడండి.

మరీ తియ్యగా ఉంది. పులియడం మధ్యలో ఆగిపోయిందా?

ముందు దేనితో కొలిచారో చూడండి. రిఫ్రాక్టోమీటర్ (వెలుతురు వంగే తీరును బట్టి చక్కెరను కొలిచేది) అయితే ఆల్కహాల్ ఉన్న ద్రవంలో అది ఎక్కువ చూపిస్తుంది, సవరణ లెక్క వేయాలి. హైడ్రోమీటర్‌తో చూశాక కూడా ఎక్కువే ఉంటే, మ్యాష్ ఎంత వేడిలో చేశారు? 69, 70 డిగ్రీల్లో చేస్తే పులియని చక్కెరలు ఎక్కువ మిగులుతాయి, అది అంతే. 65 దగ్గర చేసి కూడా 1.025 దగ్గర ఆగితే ఫెర్మెంటర్‌ను 21 డిగ్రీలకు తెచ్చి, అడుగున దిగిన ఈస్ట్ లేచేలా మెల్లగా తిప్పండి. మూత తీసి గరిటె పెట్టి కలపకండి.

మూత తీయగానే బీరంతా పొంగి బయటికి పోతోంది.

అన్ని బాటిళ్లూ మొదటి నుంచీ పొంగితే చక్కెర ఎక్కువ వేశారు, లేదా పులియడం పూర్తవకముందే నింపారు. లీటరుకు 5 నుంచి 7 గ్రాముల చక్కెర మామూలు కొలత. గ్రావిటీ మూడు రోజుల తేడాతో రెండుసార్లు ఒకేలా ఉంటేనే నింపండి. కొన్నే పొంగి, మిగతావి చప్పగా ఉంటే చక్కెర సరిగా కలవలేదు. మొదట బాగుండి వారం వారం పెరుగుతుంటే ఇన్ఫెక్షన్ లేదా డయాస్టాటికస్.

అలాంటి సీసాలు పేలతాయి. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, అన్నిటినీ ఫ్రిజ్‌లో చల్లబరిచి, పైన తువ్వాలు కప్పి ఒక్కోటీ మూత వదులు చేసి గ్యాస్ వదలండి. పిల్లలు తిరిగే చోట అస్సలు ఉంచకండి.

పాడైన బ్యాచ్‌ను బాగుచేసే మార్గం లేదా?

వెన్న, పచ్చి ఆపిల్, గంధకం, ఈ మూడింటికీ ఉంది. ఇంకో బ్యాచ్ జోరుగా పులుస్తున్నప్పుడు అందులోంచి లీటరో రెండు లీటర్లో తీసి ఇందులో పోసి, 20 డిగ్రీల్లో ఉంచితే ఆ చురుకైన ఈస్ట్ శుభ్రం చేస్తుంది. నిద్రపోతున్న పొడి ఈస్ట్ నేరుగా చల్లితే అంతగా ఫలితం ఉండదు. మొక్కజొన్న, మందుల వాసన, ఎండ కంపు, అట్ట, ఇనుము, ఫ్యూజెల్స్ పోవు. పండ్లు, మసాలాలు వేసి కప్పిపుచ్చాలని చూస్తే ఖర్చు పెరుగుతుంది, రుచి ఇంకా గందరగోళం అవుతుంది.

నాకు ఈ వాసనలు వేరుచేసి పట్టుకోవడం రావడం లేదు. ఎలా నేర్చుకోవాలి?

మంచి బీరును కావాలని పాడుచేసి నేర్చుకోండి. రుచి తక్కువగా ఉండే లేత లాగర్లు కొన్ని కొనండి. ఆకుపచ్చ సీసాలో ఉన్నదాన్ని గంటసేపు ఎండలో పెట్టండి. ఒక గ్లాసులో డబ్బా మొక్కజొన్న నీళ్లు చెంచాడు కలపండి. ఒకదాంట్లో వెనిగర్ రెండు చుక్కలు వేయండి. ఒక సీసా మూత తీసి, కొంచెం బీరు ఒంపేసి, గాలి చేరాక మళ్లీ మూత వేసి వెచ్చటి చోట రెండు వారాలు వదిలేయండి. ఏమీ కలపని గ్లాసు ఒకటి తప్పకుండా పక్కన ఉండాలి.

తర్వాత ఎవరి చేతనైనా మూడు గ్లాసులు పోయించండి. రెండింట్లో మంచి బీరు, ఒకదాంట్లో పాడుచేసినది, ఏది ఏదో మీకు చెప్పకుండా. వేరుగా ఉన్నదాన్ని వరసగా పట్టుకోగలిగితే ఆ వాసన మీకు వచ్చినట్టే. డయాసిటిల్ విషయంలో కొందరి ముక్కు అసలు పలకదు. మీరు అలాంటివారైతే, వేడినీళ్ల పరీక్ష చేసే రోజున ఆ రెండు సీసాలూ ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి వాసన చూడమనండి.